స్మార్ట్ కళ్ళజోళ్ళు: ఈసారైనా మార్కెట్ నిలబడుతుందా?

నిద్రలేనివాడు

మేం నలుగురం కలిసి మొబైల్ యాప్‌లు చేస్తుంటాం. వచ్చే ఏడాదంతా దేనిమీద కూర్చోవాలో ఇప్పుడు తేల్చుకోవాలి. ఇద్దరు స్మార్ట్ గ్లాసెస్ అంటున్నారు. ఇంకొకతను "గూగుల్ గ్లాస్ గతి తెలుసుగా" అని ఒక్క మాటతో కొట్టిపారేస్తున్నాడు. నేను ఎటూ తేల్చుకోలేకపోతున్నాను.

కెమెరా, మైకులు, స్పీకర్లు, ఏఐ ఉన్న కళ్ళజోళ్ళు ఇప్పుడు చాలా కంపెనీలు తెస్తున్నాయి. 2025 సెప్టెంబరులో మెటా వాళ్ళు అద్దంలోనే చిన్న తెర ఉన్న రే-బాన్ కూడా తెచ్చారు. గూగుల్ ఇలాంటివాటిని నడిపే సాఫ్ట్‌వేర్ అని ఆండ్రాయిడ్ ఎక్స్‌ఆర్ తెస్తోంది. షావోమీ కూడా దిగింది. ఇది జనం అడుగుతున్న వస్తువా, కంపెనీలు జనానికి అంటగట్టాలని చూస్తున్న వస్తువా? వాడినవాళ్ళు, అమ్మినవాళ్ళు, విప్పి చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. వీడియో రివ్యూల లింకులు మాత్రం వద్దు, అవన్నీ చూసేశాను.

పాతకాపు

మీ టీమ్‌లో కొట్టిపారేస్తున్న ఆ ఒక్కడి పక్షాన నేను మాట్లాడతాను.

గూగుల్ గ్లాస్‌ని 2012లో ఆకాశంలోంచి దూకేవాళ్ళకి పెట్టి మరీ చూపించారు. 2013లో ముందుగా పేరిచ్చుకున్నవాళ్ళకి 1,500 డాలర్లకి అమ్మారు. 2015 జనవరికల్లా ఆ అమ్మకం ఆపేశారు. ఫ్యాక్టరీల్లో, ఆసుపత్రుల్లో వాడుకోవడానికని 2017లో ఇంకో రూపంలో తెచ్చారు. 2023 మార్చిలో అదీ అయిపోయింది. పదేళ్ళు, గూగుల్ అంత కంపెనీ, చేతినిండా డబ్బు. అయినా నిలబడలేదు.

తర్వాత స్నాప్, అదే స్నాప్‌చాట్ కంపెనీ. 2016లో స్పెక్టకుల్స్ అని కెమెరా కళ్ళజోడు తెచ్చింది. వెండింగ్ మెషీన్లు పెట్టి అమ్మితే జనం గంటలకొద్దీ క్యూ కట్టారు, పేపర్లన్నీ రాశాయి. మరుసటి ఏడాదే అమ్ముడుపోని సరుకు, ముందే ఇచ్చేసిన ఆర్డర్ల కింద సుమారు 4 కోట్ల డాలర్లు నష్టం రాసుకుంది. క్యూ కట్టడం వేరు, రోజూ పెట్టుకోవడం వేరు. ఆ క్యూలో నిలబడ్డవాళ్ళలో ఎక్కువమంది నెల తిరిగేసరికి దాన్ని డ్రాయర్లో పడేశారని నా అనుమానం.

కెరటం

పాతకాపు గారూ, గ్లాస్ ఒక కంటి మీద ప్లాస్టిక్ ముక్క అతికించుకున్నట్టుండేది కదా. అది పెట్టుకుని బయటికి వెళ్ళాలంటేనే సిగ్గు. ఇప్పటివి మామూలు కళ్ళజోళ్ళలాగే ఉంటున్నాయి. నేను రే-బాన్ మెటా వాడుతున్నాను. ఏఐ గీఐ నాకు పెద్దగా పట్టదు. చెవుల్లో ఏమీ దూర్చుకోకుండా పాటలు వినొచ్చు, ఫోన్ మాట్లాడొచ్చు. పిల్లాడు సైకిల్ నేర్చుకుంటుంటే రెండు చేతులతో సీటు పట్టుకునే వీడియో తీసుకున్నాను. నాకు ఈమాత్రం చాలు.

పాతకాపు

> నాకు ఈమాత్రం చాలు

అదే నా పాయింటూ. ఇయర్‌ఫోన్లకి ఇంకో రూపం ఇది. దీన్ని పట్టుకుని ఫోన్ పోయి కళ్ళజోడు వస్తుందనడం అతి.

లెన్సుల_పంతులు

కళ్ళద్దాల షాపులో చాలా ఏళ్ళుగా ఫిటింగ్ పని చేస్తున్నాను కాబట్టి కౌంటర్ ఇవతల నుంచి కనిపించేది చెబుతాను. ఇక్కడ అందరూ చిప్పులూ కెమెరాల గురించి మాట్లాడుకుంటారు. గ్లాస్‌కీ ఇప్పటివాటికీ అసలు తేడా అక్కడ లేదు. అమ్ముతున్నది ఎవరన్నదే తేడా.

2021 సెప్టెంబరులో ఫేస్‌బుక్ (ఇప్పటి మెటా) మొదటి రే-బాన్ స్టోరీస్ తెచ్చినప్పుడు వస్తువు గొప్పగా ఏమీ లేదు. కానీ అవతల ఉన్నది ఎసిలార్‌లక్సోటికా. రే-బాన్, ఓక్లీ ఫ్రేములు వాళ్ళవి, లెన్సులు వాళ్ళవి, షాపుల గొలుసులు కూడా వాళ్ళవి. 2023 అక్టోబరులో రెండో తరం వచ్చింది. అప్పటి నుంచి 20 లక్షల జతలు అమ్మామని 2025 ఫిబ్రవరిలో చెప్పారు. 2026 చివరికి ఏడాదికి కోటి జతలు తయారుచేసే సామర్థ్యం పెట్టుకుంటామన్నారు. గూగుల్ కూడా ఈసారి 2025లో జెంటిల్ మాన్‌స్టర్, వార్బీ పార్కర్ అనే కళ్ళజోళ్ళ కంపెనీలతో చేయి కలిపింది. మొదటిసారి దెబ్బ తిన్నవాళ్ళకి ఎక్కడ తగిలిందో బాగానే తెలిసినట్టుంది.

ఎందుకంటే ఫోన్ ఎవరి చేతిలోనైనా ఒకటే. కళ్ళజోడు అలా కాదు. ముక్కు ఎత్తు, కణతల మధ్య వెడల్పు, చెవులు ఏ ఎత్తులో ఉన్నాయి, కంటిపాపల మధ్య ఎంత దూరం, ఇవి ఒకరికి ఉన్నట్టు ఇంకొకరికి ఉండవు. మామూలు ప్లాస్టిక్ ఫ్రేమైతే కాడ చివర కాస్త వేడిచేసి చెవికి తగ్గట్టు వంచి ఇస్తాం. వీటి కాడల్లో బ్యాటరీ, బోర్డు, వైర్లు ఉంటాయి. కొనదగ్గర కొంచెం తప్ప వంచడానికి వీల్లేదు. వేడి తగిలించడానికి మాకే భయం. కాబట్టి సరిపోతే సరిపోయినట్టు, లేకపోతే మూడో రోజుకి చెవి వెనక పుండు పడుతుంది. తిరిగి తెచ్చేవాళ్ళలో "ఏఐ బాగాలేదు" అన్నవాళ్ళు తక్కువ. "ముక్కు మీద ఆనుతోంది, జారుతోంది" అన్నవాళ్ళే ఎక్కువ.

ఇక పవర్. కెమెరా రకానికి కంపెనీ ఇచ్చే హద్దు మైనస్ 6 నుంచి ప్లస్ 4 వరకు. తెర ఉన్నదానికి మైనస్ 4 నుంచి ప్లస్ 4 వరకే. చూపు సరిగ్గా ఉన్నవాళ్ళు రోజంతా కళ్ళజోడు పెట్టుకోరు కదా. అలవాటుగా పెట్టుకునేది మాలాంటి పవరున్నవాళ్ళే. ఆ ఖరీదైన మోడల్ సరిగ్గా వాళ్ళలో కొందరిని గుమ్మం దగ్గరే ఆపేస్తోంది.

ఇంకొకటి కూడా చూడాలి. పవర్ మారితే ఫ్రేమ్ ఉంచుకుని అద్దాలే మార్చుకుంటారు జనం. మంచి ఫ్రేమ్ ఏళ్ళ తరబడి వస్తుంది. దీంట్లో బ్యాటరీ ముందు పోతుంది. అప్పటికి కొత్తగా వేయించుకున్న ప్రోగ్రెసివ్ అద్దాలు (దూరానికీ దగ్గరికీ ఒకటే అద్దం) దండగ. ఈ లెక్క అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. చెప్పాక కొందరు కొనరు.

సర్క్యూట్_సుబ్బులు

పంతులు గారు చెప్పిన బ్యాటరీ విషయానికి కొంచెం కలుపుతాను. రిపేర్ పనిలో ఉన్నాను.

2023 నాటి రే-బాన్ మెటాలో బ్యాటరీ 154 ఎంఏహెచ్. ఫోన్లలో 5,000 మామూలైపోయింది. దాంతో కెమెరా, వై-ఫై, మైకులు నడపాలి. నాలుగు గంటలన్నారు, వీడియో తీస్తూ పోతే అంతా రాదు. 2025లో వచ్చిన కొత్తదానికి ఎనిమిది గంటలంటున్నారు. పెద్ద బ్యాటరీ పెడదామా అంటే బరువు. ఆ 2023 నాటిదే 49 గ్రాములు, తెర ఉన్నది 69. ఇరవై గ్రాములే కదా అనిపిస్తుంది, కానీ ముక్కు మీద సాయంత్రానికి తెలుస్తుంది. పైగా చిప్ వేడెక్కితే ఆ వేడి పోవడానికి దారి లేదు, పక్కనే కణత. అందుకే చిప్‌ని పూర్తి వేగంతో పరిగెత్తించరు. బరువైన పనులు ఫోన్‌కో సర్వర్‌కో పంపేస్తారు.

తెర సంగతి ఇంకా కష్టం. అద్దం లోపల కాంతిని అటూ ఇటూ ప్రతిఫలింపజేస్తూ కంటిదాకా తీసుకురావాలి. దీన్ని వేవ్‌గైడ్ అంటారు. దారిలో వెలుతురు చాలా భాగం పోతుంది. ఎండలో కనబడాలంటే ముందే చాలా ఎక్కువ వెలుతురు పంపాలి, అంటే మళ్ళీ బ్యాటరీ. మెటా ఇప్పుడు అమ్ముతున్నదాంట్లో తెర కుడి కంటికి మాత్రమే, 600x600 పిక్సెళ్ళు, కనిపించే వెడల్పు 20 డిగ్రీలు. మెసేజ్ చదువుకోవచ్చు, దారి బాణం చూసుకోవచ్చు. ఎదురుగా గదిలో బొమ్మలు నిలబెట్టేంత సీను లేదు. అలాంటిది కావాలని చేసిన ఓరియన్ నమూనాని 2024లో చూపించారు. దానికి 70 డిగ్రీలు. అద్దాలు గాజువి కావు, సిలికాన్ కార్బైడ్. గాజుకన్నా ఎక్కువగా కాంతిని వంచుతుంది కాబట్టి అంత వెడల్పు వచ్చింది. తయారీ ఖర్చు చూసి దాన్ని అమ్మకానికే పెట్టలేదు.

రిపేర్ అంటారా, లేదు. అంతా అంటించేసి ఉంటుంది. బ్యాటరీ మార్చాలంటే కాడ కోయాలి. కోశాక అది కళ్ళజోడుగా మిగలదు.

నిద్రలేనివాడు

సుబ్బులు గారూ, అయితే తెర లేనివి ముందు అమ్ముడుపోవడానికి కారణం జనం తెర వద్దనుకోవడం కాదన్నమాట. తెర పెట్టడం కుదరకపోవడం.

సర్క్యూట్_సుబ్బులు

రెండూ. తెర తీసేశాక బరువు, ధర, వేడి మూడూ దిగొచ్చాయి. మొదట రాజీగా చేసిందే చివరికి అమ్ముడుపోయే వస్తువైంది. దీనికి ఉల్టా కూడా ఉంది. ఈవెన్ రియాలిటీస్ వాళ్ళ జీ1లో కెమెరా లేదు, స్పీకర్ లేదు, ఆకుపచ్చ అక్షరాలు కనిపించే తెర, మైకులు మాత్రమే. అదీ మామూలు కళ్ళజోడులాగే ఉంటుంది. ఏదో ఒకటి వదులుకోకుండా ఇప్పటికి ఎవరూ చేయలేకపోయారు.

నీడ

అందరూ పెట్టుకునేవాడి ముక్కు గురించే మాట్లాడుతున్నారు. ఎదురుగా ఉన్నవాడి మొహం సంగతేంటి?

కెరటం గారు పిల్లాడి వీడియో తీసుకున్నారు, బాగుంది. ఆ వీడియోలో వెనక నడిచి వెళ్ళినవాళ్ళని ఎవరడిగారు? 2024 అక్టోబరులో హార్వర్డ్ విద్యార్థులిద్దరు ఇదే కళ్ళజోడుతో దారిన పోయేవాళ్ళ మొహాలు తీసి, ఇంటర్నెట్‌లో మొహాలు వెతికే సర్వీసుకి ఇచ్చి, పేరు, అడ్రసు తెలుసుకోవచ్చని చేసి చూపించారు. కళ్ళజోడులో ఆ సదుపాయం లేదు, నిజమే. విడివిడిగా ఉన్నవాటిని కలిపారంతే. అలా కలపడం అంత తేలికని చూపించడమే వాళ్ళ ఉద్దేశం కూడా.

చిన్న తెల్ల లైటు వెలుగుతుంది కదా అంటారు. ఆ లైటు వెలిగితే రికార్డింగ్ అని ఎంతమందికి తెలుసు? పట్టపగలు ఎండలో ఎంతమంది గమనిస్తారు?

కెరటం

నీడ గారూ, ఫోన్‌తో కూడా తీస్తున్నారు కదా అందరూ.

నీడ

ఫోన్ ఎత్తితే కనిపిస్తుంది. మొహం తిప్పుకోవచ్చు, వద్దనొచ్చు. ఇక్కడ మీరు నన్ను చూస్తున్నారా, తీస్తున్నారా అన్నదే తెలియదు. అది చిన్న తేడా కాదు.

సర్క్యూట్_సుబ్బులు

లైటు మీద టేపు వేస్తే కెమెరా తీయనంటుంది, ఆ కట్టడి రెండో తరంలో ఉంది. అయితే డబ్బులిస్తే ఆ లైటుని లోపల నుంచే తీసేసి ఇస్తామనేవాళ్ళు కూడా తయారయ్యారు. నా దగ్గరికీ అడుగుతూ వచ్చారు. పంపించేశాను.

మోడరేటర్

లైటు ఎలా తీయాలో ఇక్కడ ఎవరూ రాయొద్దు. అలాంటి రెండు పోస్టులు ఇప్పుడే తీసేశాను. మిగతా చర్చ సాగించండి.

వెన్నెల_దారి

నాకు చూపు లేదు. తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో చదువుతున్నాను, ఇంత పొడుగు చర్చ వినడానికే చాలాసేపు పట్టింది.

నీడ గారి భయం నాకు అర్థమవుతుంది. కానీ పాతకాపు గారు "ఇయర్‌ఫోన్లకి ఇంకో రూపం" అన్నారే, అక్కడ మాత్రం ఆగాలి.

బయటికి వెళ్తే నా ఒక చేతిలో కర్ర ఉంటుంది. రెండో చేతిలో సంచో, పిల్లల చెయ్యో. ఫోన్ తీసి కెమెరా ఎటు పెట్టాలో వెతుక్కుంటూ బోర్డు ఫొటో తీయడం ఎలా ఉంటుందో చూపున్నవాళ్ళకి చెప్పడం కష్టం. సగం ఫొటోల్లో ఆకాశం వస్తుంది. కళ్ళజోడు కెమెరా నేను తల ఎటు తిప్పితే అటు చూస్తుంది. తల ఎటుందో నాకు తెలుసు కదా. అంతే తేడా, కానీ మొత్తం పని దాని మీదే ఉంది.

బీ మై ఐస్ అని 2015 నుంచి ఒక సేవ ఉంది. చూపున్న వాలంటీర్లు వీడియో కాల్‌లో మన ముందున్నది చూసి చెబుతారు. 2024 నవంబరు నుంచి అది రే-బాన్ మెటాలో పనిచేయడం మొదలుపెట్టింది. మాటతో కాల్ చేస్తాను, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. స్పీకర్లు చెవిని మూయవు కాబట్టి వచ్చే బండ్ల చప్పుడూ వినిపిస్తుంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నేను రోడ్డు దాటలేను.

ఇబ్బందులు లేవని కాదు. ఏఐని అడిగితే తెలియకపోయినా తెలిసినట్టే చెబుతుంది. మందు సీసా మీద తేదీ లాంటివి నేను దాన్ని నమ్మను, మనిషినే అడుగుతాను. నెట్ లేకపోతే సగం పనులు ఆగిపోతాయి. బ్యాటరీ మధ్యాహ్నానికి అయిపోతే ఇంటికి తిరిగొచ్చే దారిలో అది మామూలు నల్ల కళ్ళజోడే.

మాకోసమే తయారైన పరికరాలు ఇదివరకూ ఉన్నాయి. తక్కువమంది కొంటారు కాబట్టి ధర ఎక్కువ, కంపెనీ ఎప్పుడు మూతపడుతుందో తెలియదు. పాటలు వినేవాళ్ళందరూ కొనే వస్తువులో నా అవసరం కూడా తీరితే, ఆ పాటలు వినేవాళ్ళ వల్లే నాకు అది అందుతోంది. కెరటం గారూ, మీరు ఇంకా కొనండి.

కెరటం

తప్పకుండా. మా ఆవిడకి ఈ కారణమే చెబుతాను.

పాతకాపు

వెన్నెల_దారి గారూ, మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. మీ వాడకం చాలా గట్టిది. నా సందేహం వస్తువు పనికొస్తుందా అన్నదాని మీద కాదు. ఎల్లకాలం ఉంటుందా అన్నదాని మీద.

నార్త్ అనే కెనడా కంపెనీ ఫోకల్స్ అని కళ్ళజోడు అమ్మేది. కొనేవాళ్ళ మొహాన్ని కొలిచి, ఒక్కొక్కరికీ సరిపడేలా చేసి ఇచ్చేవాళ్ళు. పంతులు గారు చెప్పిన ఫిటింగ్ జాగ్రత్తలన్నీ వాళ్ళు తీసుకున్నారు. 2020 జూన్‌లో గూగుల్ కొనేసింది. జులై 31 తర్వాత ఫోకల్స్ స్మార్ట్ పనులన్నీ ఆగిపోయాయి. డబ్బు వాపసు ఇచ్చారు, అది వేరే సంగతి. చొక్కాకి తగిలించుకుని మాట్లాడే ఏఐ పరికరం హ్యూమేన్ ఏఐ పిన్ 2024 ఏప్రిల్‌లో వచ్చింది. 2025 ఫిబ్రవరి చివరికి సర్వర్లు ఆపేశారు, అది ఉత్త బిళ్ళ అయిపోయింది. సర్వర్ ఆగితే చచ్చిపోయే వస్తువుని మీరు కొనడం లేదు, అద్దెకి తెచ్చుకుంటున్నారు. దాని మీద ఆధారపడి రోడ్డు దాటడం అంటే నాకు భయమే.

లెక్కలమాస్టారు

పంతులు గారి అంకెల మీద ఒక మాట. కోటి జతలు అన్నది తయారుచేయగల సామర్థ్యం. గిరాకీ కాదు. ఫ్యాక్టరీ కట్టగానే కొనేవాళ్ళు రారు, స్నాప్ కథ పైనే ఉంది. పోనీ కోటీ అమ్ముడుపోయాయే అనుకుందాం. ప్రపంచంలో ఏడాదికి వంద కోట్లకి పైగా స్మార్ట్‌ఫోన్లు అమ్ముడవుతాయి. దాని పక్కన ఇది ఒక శాతం లోపే.

రెండోది, ఇప్పటి ధరని చూసి మార్కెట్‌ని అంచనా వేయకండి. ఈ కళ్ళజోళ్ళు, వీఆర్ హెడ్‌సెట్లు చేసే మెటా విభాగం రియాలిటీ ల్యాబ్స్ ఒక్క 2024లోనే 1,770 కోట్ల డాలర్ల నిర్వహణ నష్టం చూపించింది. అందులో కళ్ళజోళ్ళ వాటా ఎంతో విడిగా చెప్పరు. ప్రకటనల మీద వచ్చే డబ్బుతో ఆ నష్టాన్ని భరిస్తున్నారు. ఫోన్ల కాలంలో యాపిల్, గూగుల్ గేటు దగ్గర కూర్చున్నాయి, మెటా లోపలికి వెళ్ళడానికి వాళ్ళ షరతులు ఒప్పుకోవాల్సి వచ్చింది. ఈసారి గేటు తనదే కావాలని పెడుతున్న ఖర్చు ఇది. కాబట్టి ఇది మామూలు లాభనష్టాల లెక్కతో నడిచే వస్తువు కాదు. వాళ్ళు విసిగిపోయేదాకా నడుస్తుంది. ఇంకా విసగలేదు. 2025లో ఎసిలార్‌లక్సోటికాలో సుమారు 3 శాతం వాటా కొన్నారని వార్తలొచ్చాయి, అంటే బాగానే పాతుకుంటున్నారు.

నిద్రలేనివాడు గారూ, మీకు పనికొచ్చేది ఇది. 2025 సెప్టెంబరు దాకా బయటి డెవలపర్లకి ఆ కళ్ళజోడు కెమెరానీ మైకునీ ముట్టుకునే దారే లేదు. అప్పుడు ఒక టూల్‌కిట్ ప్రకటించారు. అది కూడా కళ్ళజోడు మీద యాప్ నడిపేది కాదు, మీ ఫోన్ యాప్‌కి కళ్ళజోడు కెమెరా, శబ్దం అందించేది. కళ్ళజోడు కోసమే యాప్ అనుకుంటే మీకింకా నేల లేదు. ఫోన్ యాప్‌కి కళ్ళజోడు అదనపు కన్ను అనుకుంటే ఉంది.

నిద్రలేనివాడు

మాస్టారూ, నాకు కావలసిన సమాధానం ఇదే. మా దగ్గర ఇప్పటికే రసీదులు, ఫారాలు చదివి చెప్పే ఫోన్ యాప్ ఒకటుంది. చూపు తక్కువున్నవాళ్ళు దాన్ని వాడుతున్నారని మెయిల్స్ వస్తుంటాయి, మేం అంతగా పట్టించుకోలేదు. దానికి కళ్ళజోడు కెమెరా కలపడానికి ఒకరిని పెడతాం, మిగతా ముగ్గురూ ఫోన్ పనిలోనే ఉంటారు. వెన్నెల_దారి గారూ, మొదటి వెర్షన్ రాగానే మీకు పంపితే చూసి తిడతారా?

వెన్నెల_దారి

పంపండి. చెప్పడానికి ఎంత సేపు పడుతుందో ముందు అది చూస్తాను. ఫారం మీద ఏముందో ఒక్క ముక్కలో చెప్పకుండా "మీ ముందు తెల్లని కాగితం, దాని మీద నల్లని అక్షరాలు ఉన్నాయి" అని మొదలుపెడితే మాత్రం నిజంగానే తిడతాను.

నీడ

ఆ కాగితం ఫొటో ఏ సర్వర్‌కి వెళ్తుందో, ఎన్నాళ్ళుంటుందో మొదటి తెరలోనే రాయండి. ఫారాల్లో పుట్టినతేదీలు, అకౌంటు నంబర్లు ఉంటాయి. వీలైతే అక్షరాలు చదివే పని ఫోన్‌లోనే కానివ్వండి, సుబ్బులు గారు చెప్పినట్టు బరువైన పనికి ఫోన్ ఎలాగూ ఉంది.

నిద్రలేనివాడు

అక్షరాలు చదవడం ఇప్పుడు కూడా ఫోన్‌లోనే. అర్థం చేసి చెప్పడమే సర్వర్‌లో. దాన్ని ఎంతవరకు తగ్గించగలమో చూస్తాం.

మబ్బుతునక

ఆలస్యంగా వచ్చాను, అంతా చదివాను. పంతులు గారూ, నాకు రెండు కళ్ళకీ మైనస్ 7.50. కెమెరా రకం కొనాలని ఎప్పటినుంచో ఉంది. బయటి ల్యాబులవాళ్ళు ఏ పవరైనా వేసిస్తామంటున్నారు. వేయించుకోవచ్చా?

లెన్సుల_పంతులు

వేస్తారు. ఎక్కువ ఇండెక్స్ లెన్సు (పల్చగా వచ్చే రకం) తీసుకున్నా ఆ పవర్‌కి అంచులు దళసరిగానే వస్తాయి. కాడ లోపలికి మడిచినప్పుడు అంచు తగులుతుందేమో చూపించుకోండి. అద్దం బిగించేటప్పుడు ఫ్రేమ్ మీద ఒత్తిడి పడి ఏదైనా పోతే కంపెనీ వారంటీ ఇవ్వకపోవచ్చు, బాధ్యత ఎవరిదో ల్యాబుతో రాతపూర్వకంగా తేల్చుకోండి. చిన్న సైజు ఫ్రేమే తీసుకోండి, అద్దం చిన్నదైతే అంచు మందం తగ్గుతుంది. కాంటాక్ట్ లెన్సులు అలవాటుంటే ఈ గొడవేమీ లేదు, పవర్ లేని అద్దాలతో కొనుక్కోండి. తెర ఉన్న రకం జోలికి మాత్రం మీ పవర్‌తో ఇప్పుడు పోవద్దు. ఏది కొన్నా ముందు షాపులో పెట్టుకుని, కాసేపు కిందికి వంగి, తల ఊపి చూడండి. జారితే వదిలేయండి.